నలభై రాగి కొసలు

ఫిబ్రవరి 3

ఈ నోటుబుక్కులో ముందు కొన్ని పేజీల నిండా ఎవరివో అంకెలున్నాయి. పారేస్తుంటే ఆయన తెచ్చారు. ఆ పేజీలన్నీ కలిపి దారంతో కుట్టేశాను. ఇక్కణ్ణుంచి నాది.

ఏడో తరగతి తర్వాత ఇంత రాయడం ఇదే మొదలు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఫరవాలేదు.

రేపటినుంచి నేను పనికి వెళ్తున్నాను. ఆయన పనిచేసే ప్రయోగశాలకే. అక్కడ సన్నతీగలు చుట్టే తాతయ్యకి కంటి ఆపరేషనట. రెండు నెలలు రారు. సన్నపని చేసే చేతులు ఎవరికైనా ఉన్నాయా అని అక్కడి పెద్ద మేడమ్ అడిగితే, ‘మా ఇంట్లో ఉన్నాయి’ అని ఈయన చెప్పేశారు. నేను దుప్పట్లకి అంచులు కుట్టి కొట్టుకి ఇస్తుంటాను కదా. నన్ను అడగనైనా లేదు.

“చేతులొక్కటే వస్తాయి మేడమ్, మాట రాదు అని ముందే చెప్పాను” అన్నారు టీ తాగుతూ. “‘మాట మా దగ్గర చాలా ఉందయ్యా, చేతులే తక్కువ’ అందావిడ.”

అత్తయ్య ఊరుకోలేదు. “ఫ్రిజ్జుల ఆఫీసులో దీనికేం పనిరా?”

“ఫ్రిజ్జులు కాదమ్మా.”

“చల్లబెట్టేదాన్ని ఫ్రిజ్జనక పొయ్యంటారా?”

నాకు నవ్వొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి నవ్వాను.

ఫిబ్రవరి 4

మెట్లు దిగి కిందికి వెళ్ళాలి. కిటికీ ఉండదు. నేలమీద పసుప్పచ్చ గీత. అది దాటేముందు జడపిన్నులు, తాళాలు, ఇనుపవన్నీ తీసి గిన్నెలో వేయాలి. అవతల గోతిలో మనిషికన్నా ఎత్తైన ఉక్కు పీపా ఉంది. దాని చుట్టూ అయస్కాంతం. పక్కన పంపు ఆగకుండా టక్-హుష్, టక్-హుష్ అంటుంది. ఆ చప్పుడులో అందరూ అరిచినట్టే మాట్లాడతారు. నేను చెప్పిన నాలుగు ముక్కలూ ఎవరికీ వినపడలేదు. తల ఊపడంతోనే రోజంతా గడిచిపోయింది. ఈ చోటు నాకు సరిపోతుందేమో.

మేడమ్ దగ్గర చదువుకునే అమ్మాయి ఒకతి ఉంది. నాకన్నా రెండు మూడేళ్ళు చిన్నదేమో. చాలా పొడుగు. అందరూ పొడుగమ్మాయనే పిలుస్తారు. మాట ఆపదు.

“అక్కా, ఇదీ మన యువరాణి” అని ఒక డబ్బీ తెరిచి చూపించింది. దూదిలో ఒక ముదురాకుపచ్చ స్ఫటికం. చిటికెన వేలి గోరంత ఉంది. దూరాన ఇంకో ప్రయోగశాలలో ఎనిమిది నెలలు పెంచారట. మనకి మార్చి ముప్పయ్యొకటి దాకా ఇచ్చారు. ఆ తర్వాత వెనక్కి పంపేయాలి.

“యువరాణి అని ఎందుకంటారూ?” అన్నాను. ఇంట్లో అత్తయ్యతో మాట్లాడినంత గొంతుతోనే.

“ఆఁ?”

తల అడ్డంగా ఊపి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 9

స్ఫటికం గాల్లో వేలాడాలి. దేన్ని తాకినా అటునుంచి వేడి పాకుతుంది. అందుకని చిన్న చట్రంలో ఎనిమిది దారాలతో కట్టాలి. వెంట్రుకకన్నా సన్నం, లాగితే తెగవు. ఒక దారం వదులైతే రాయి వణుకుతుంది, ఒకటి బిగుసుకుంటే పక్కకి ఒరుగుతుంది. మూడు రోజులు పట్టింది. నాలుగుసార్లు విప్పి కట్టాను. ఐదోసారి నిలిచింది.

మేడమ్ వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నారు. “నువ్వు అడగవు గానీ నేను చెప్తాను. నువ్వు కట్టేదేంటో నీకు తెలియాలిగా.”

నాకు అర్థమైనంత రాస్తున్నాను.

ఆ రాయి లోపల లెక్కలేనన్ని చిన్న అయస్కాంతాలున్నాయి. బయట పెద్ద అయస్కాంతం బలంగా ఉంటే అవన్నీ ఒకే వైపు చూస్తాయి. బలం బాగా తగ్గిస్తే జతలు జతలుగా ఎడమొహం పెడమొహంగా సర్దుకుంటాయి. ఈ రెండింటికీ నడుమ ఒకచోట, అటా ఇటా తేల్చుకోలేని స్థితి వస్తుంది. ఆ ఊగిసలాటకి వేడి కావాలి. బయటినుంచి రానివ్వకుండా మనం దారాలతో గాల్లో వేలాడదీశాం కదా. అందుకని తన ఒంట్లోని వేడినే అది ఖర్చుపెట్టుకుంటుంది. చల్లబడిపోతుంది. ఎంత చల్లనంటే, ఇంతకన్నా కిందికి చల్లదనమే లేదనే చోటుంది చూడు, దానికి ఒక డిగ్రీలో పదో వంతు దూరం దాకా.

“మామూలుగా ఇంత చల్లదనానికి దొరకని వాయువు కావాలి. ఇది నిలిస్తే, ఒక రాయీ ఒక అయస్కాంతం చాలు. ఇరవై ఏళ్ళుగా దీనికోసమే కూర్చున్నాను” అన్నారు మేడమ్.

ఫిబ్రవరి 10

తేల్చుకోలేకపోవడం కూడా ఒక పనికొచ్చే పనేనన్నమాట. ఆయనతో అంటే, “అయితే నిన్నే వేలాడదీయాల్సింది” అన్నారు.

ఫిబ్రవరి 14

ఈరోజు రాగి పని. నలభై రాగి తీగలు రాయి ముఖంమీద పక్కపక్కనే జిగురుతో అంటించాలి. అవన్నీ వెళ్ళి ఒక వెండి బిళ్ళకి చేరతాయి. రాయి చల్లదనం ఆ తీగల వెంట బిళ్ళకి చేరుతుంది. బిళ్ళమీద కూర్చున్న థర్మామీటరు చదివి చెబుతుంది.

తాతయ్య గీసిన బొమ్మ ఒకటుంది. నలభై గీతలు, ఒక చతురస్రం, అంతే. ఒక్క అక్షరం రాయలేదు.

అంటించడం అయ్యాక రాయికి అవతలి వైపు తీగల కొసలు చీపురు పుల్లల్లా బయటికి పొడుచుకొచ్చాయి. చూడ్డానికి ఏం బాగాలేదు. దారం పనైనా, తీగ పనైనా కొస వదిలేస్తే పని సగంలో ఆపి లేచినట్టే ఉంటుంది. పక్కపక్క కొసలు రెండేసి మెలిపెట్టి, ఒక్కో చుక్క టంకం పెట్టాను. పైన తెల్లదారం చుట్టేశాను. అంచు కుట్టినట్టు కుదిరింది.

మేడమ్ భూతద్దంలో అటూ ఇటూ తిప్పి చూశారు. “తాతయ్య చేతిలో కూడా ఇంత నీటుగా రాలేదు. ఫోటో తియ్యమ్మా దీన్ని.”

పొడుగమ్మాయి ఫోటో తీసింది. మేడమ్ నా భుజంమీద చెయ్యి వేశారు.

నన్ను మెచ్చుకున్నారు. నా పనిని. ఇంకోసారి రాస్తాను. మెచ్చుకున్నారు.

ఫిబ్రవరి 22

పీపా మూసి వారమైంది. గాలి తీయడానికీ, చల్లబడడానికీ ఇన్నాళ్ళు పట్టింది. ఈరోజు మొదటిసారి అయస్కాంతం బలం తగ్గించారు. ఆయన మీటల దగ్గర, పొడుగమ్మాయి అంకెల దగ్గర, మేడమ్ నిలబడే. ఆ అట్టడుగు చోటునుంచి లెక్కపెడితే రెండు డిగ్రీల దగ్గర మొదలైంది. ఒకటిన్నర. ఒకటి. సున్నా పాయింట్ ఎనిమిది. ఆరు. అక్కడ ఆగిపోయింది. తర్వాత పైకి ఎక్కడం మొదలుపెట్టింది. సున్నా పాయింట్ ఒకటికి దిగాల్సింది సున్నా పాయింట్ ఆరు దగ్గరే ఆగిపోయింది.

“ఎక్కణ్ణుంచో వేడి దూరుతోంది” అన్నారు మేడమ్.

అందరూ ఆయన వైపు చూశారు. పీపా సీలు వేసింది ఆయనే. సీల్లో సన్నని సందున్నా గాలి దూరుతుంది, గాలితో పాటు వేడీ.

ఫిబ్రవరి 24

ఆయన పీపా వేడెక్కించి, విప్పి, సీలు తీసి కొత్తది వేస్తున్నారు. మూతకి ఇరవై నాలుగు బోల్టులు.

అత్తయ్య: “కన్నం దొరికిందట్రా?”

“లేదమ్మా.”

“నీళ్ళు పోసి చూడు, బుడగలొస్తాయి. సైకిలు ట్యూబుకి అంతేగా చూస్తారు.”

“పోస్తా అమ్మా. మా మేడమ్ నన్ను కూడా అందులోనే ముంచుతుంది.”

నవ్వుతూనే అన్నారు. తినలేదు మాత్రం సరిగా.

మార్చి 3

రెండోసారి. మళ్ళీ ఆరు. బలం మళ్ళీ పెంచి, ఇంకా నెమ్మదిగా తగ్గిస్తే అయిదు దాకా దిగింది. ఆయన బల్ల దగ్గర నిలబడి గొణుక్కున్నారు: “నెమ్మదిగా తగ్గిస్తే తక్కువ వేడెక్కడమేంటి? కన్నానికి మనం నెమ్మదిగా పోతున్నామో జోరుగా పోతున్నామో ఏం తెలుసు?”

ఎవరూ పట్టించుకోలేదు.

మార్చి 5

మేడమ్ పొడుగమ్మాయికి పాఠం చెబుతుంటే విన్నాను. వినాలని కాదు. బల్ల పక్కనే కదా.

“రాగి చుట్టు మూసుకుని ఉండి, పక్కన అయస్కాంతం బలం మారుతుంటే, ఆ చుట్టులో దానంతటదే కరెంటు పుడుతుంది. చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. చుట్టు వేడెక్కుతుంది. అందుకే మన తాతయ్య ఎప్పుడూ కొసలు విడివిడిగా వదిలేస్తాడు, చీపురులాగా. ఆయన్ని చూసే నేనూ నేర్చుకున్నాను.”

నా చేతిలో పట్టకారు జారి కింద పడింది.

“ఏమైందక్కా?”

తల ఊపాను.

మార్చి 6

ఆ తప్పు నాది కాదు. ఇంట్లో చూశాను. తలుపుకి బిగించిన అయస్కాంతం ఊడదీసి రాగి తీగ దగ్గర పెట్టాను. అంటుకోలేదు. రెండోవైపు తిప్పి పెట్టాను. అంటుకోలేదు. రాగికి అయస్కాంతంతో పనే లేదు. మేడమ్ చెప్పింది వేరే చుట్ల గురించి. పెద్ద చుట్లు. నావి చీమ తలంత.

మార్చి 7

ఇంకోసారి చూశాను. అంటుకోలేదు.

మార్చి 8

మూడోసారి మూస్తున్నారు. ఆయన పొద్దున్నే ఆరింటికి వెళ్ళిపోతున్నారు. వేళ్ళకి రెండుచోట్ల ప్లాస్టర్లు. బోల్టు రెంచి జారిందట. లోపలి చట్రాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. “అది మాత్రం మహా అందంగా కుదిరింది, దాన్ని కదపొద్దు” అన్నారు మేడమ్.

మార్చి 10

రాయడానికి ఏమీ లేదు. ఇల్లు తుడిచాను. రెండుసార్లు.

మార్చి 12

మధ్యాహ్నం పని లేదు. పొడుగమ్మాయి ఒక రాగి గొట్టం తెచ్చింది, మూరెడు పొడవు. “అక్కా, ఒక తమాషా చూడు.” గుండ్రటి అయస్కాంతం ఒకటి పైనుంచి అందులో వేసింది. కింద చెయ్యి పట్టాను. రాలేదు. లోపలికి తొంగి చూశాను. తొందరేం లేనట్టు తేలుతూ దిగుతోంది. అంటుకోవడం లేదు. అయినా ఏదో పట్టి ఆపుతోంది.

“రాగి అయస్కాంతానికి అంటుకోదు, నిజమే. కానీ కదిలే అయస్కాంతాన్ని చూస్తే లోపల కరెంటు లేస్తుంది. అదే దీన్ని ఆపుతోంది. ఇప్పుడిది చూడు” అంటూ ఇంకో గొట్టం ఇచ్చింది. దానికి పైనుంచి కింది దాకా రంపంతో గాటు పెట్టి ఉంది. అదే అయస్కాంతం అందులోంచి దాదాపు సూటిగా జారి నా అరచేతిలో పడింది.

“చుట్టు మూసుకుంటే కరెంటు తిరుగుతుంది. గాటు పెడితే తిరిగే దారి లేదు. అంతే తేడా.”

నేను రెండు గొట్టాలూ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి నేను ముచ్చటపడుతున్నాననుకుంది. ఇంకో మూడుసార్లు వేసి చూపించింది.

మార్చి 13

అత్తయ్యకి చెప్పాను. ఎవరో ఒకరికి చెప్పాలి. బట్టలు మడతపెడుతూ, “అత్తయ్యా, ఒకళ్ళు తప్పు చేసి, ఇంకొకళ్ళు తిట్లు తింటుంటే…” అన్నాను.

“ఎవరు చేశారు?”

“ఎవరో.”

“తిట్లు తినేదెవరు?”

“ఎవరో.”

అత్తయ్య చేతిలో దుప్పటి ఒక కొస నాకిచ్చింది, మడతపెట్టడానికి. ఇద్దరం దగ్గరికొచ్చాం. “ఆ రెండో ఎవరో నా కొడుకైతే మాత్రం ఆ మొదటి ఎవరోని నేను ఊరుకోనని చెప్పు” అంది. తర్వాత దుప్పటి నా చేతుల్లోంచి తీసుకుని, “నాకెందుకు చెబుతున్నావమ్మా? నేనేమన్నా ఫ్రిజ్జు బాగుచెయ్యగలనా?” అంది.

రేపు చెబుతాను.

మార్చి 14

మేడమ్ రాలేదు.

మార్చి 15

వచ్చారు. గది తలుపు దాకా వెళ్ళాను. ఫోనులో ఉన్నారు. వచ్చేశాను. తర్వాత ఫోను పెట్టేశారు. నాకు తెలుసు. తలుపు అద్దంలోంచి కనపడింది.

మార్చి 16

మూడోసారి కూడా ఆరే.

పెద్దాఫీసరు కిందికి దిగి వచ్చారు. పసుప్పచ్చ గీత అవతలే నిలబడ్డారు. జేబులో తాళాలున్నాయి కాబోలు. చేతిలో కాగితం. “మేడమ్, రెండు వారాలే ఉన్నాయి. ఇంకొక్కసారికి మాత్రమే టైముంది. మూడుసార్లు సీలు వేశారు, మూడుసార్లూ కారింది. నాలుగోసారి వేరే ఆపరేటరు వేస్తే బాగుంటుంది. ఈయన్ని ఇంకో సెక్షనుకి పంపుదాం.”

మేడమ్ ఏదో అనబోయారు. ఈలోగా ఆయనే అన్నారు: “సరేనండి. నా చేతిలోనే లోపముందేమో. నాకు కనపడట్లేదు.”

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తన చేతులమీద తనకే నమ్మకం పోయిన గొంతు.

నేను లేచాను. “కారలేదు” అన్నాను. పంపు టక్-హుష్ అంది. ఎవరూ ఇటు తిరగలేదు. బల్ల పట్టుకున్నాను.

“కారలేదండీ!”

ఇది నా గొంతేనా అనిపించింది. అందరూ తిరిగారు.

“ఎవరీవిడ?” అన్నారు పెద్దాఫీసరు.

“కొసలు నేను కలిపేశాను. రాగివి. నలభై. విడిగా ఉంచాలని తెలీదు. బాగుండాలని కలిపేశాను. టంకం పెట్టి. పైన దారం చుట్టేశాను, కనపడవు. గొట్టానికి గాటు లేదు. గాటు ఉండాలి. సీలు మంచిదే.”

ఇంత అడ్డదిడ్డంగా ఎవరికి అర్థమవుతుంది? పొడుగమ్మాయికి అయింది. పరుగెత్తి వెళ్ళి ఫిబ్రవరి ఫోటో తెరిచి పెద్దది చేసింది. మేడమ్ తెరమీదికి వంగారు.

“బిళ్ళ దగ్గర ఎలాగూ కలిసే ఉన్నాయి, ఇటూ కలిస్తే ఇరవై చుట్లు” అన్నారు చివరికి. “ఇరవై బుల్లి పొయ్యిలు. యువరాణికి మనమే పొయ్యి కట్టి పెట్టాం.” తర్వాత కుర్చీలో కూలబడ్డారు. “నేను భూతద్దం పెట్టి చూశాను. చూసి మెచ్చుకున్నాను కూడా. ఆ దారం కింద ఏముందని అడగనేలేదు.”

“నెమ్మదిగా తగ్గిస్తే తక్కువ వేడెక్కింది” అన్నారు ఆయన. ఎవరితోనూ కాదు. “అదీ సంగతి.”

పెద్దాఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. “అయితే వేరే మనిషి…”

“అక్కర్లేదు” అన్నారు మేడమ్. తర్వాత నా వైపు తిరిగి, “నీకెప్పుడు తెలిసిందమ్మా?” అన్నారు.

ఇవాళే అనొచ్చు. ఎవరూ కాదనరు.

“పదకొండు రోజులైంది.”

అప్పుడు ఆయన నా వైపు చూశారు.

మార్చి 17

ఆయన నాతో మాట్లాడడం లేదు. నిన్న ఇంటికి నాకు పది అడుగుల ముందు నడిచారు. అత్తయ్య ఇద్దర్నీ చూసి ఏమీ అడగలేదు. అత్తయ్య అడగకపోవడం నేను చూడటం ఇదే మొదలు.

మార్చి 18

పొద్దున్న ఆయన ప్లాస్టరు మారుస్తున్నారు. ఒంటి చేత్తో కుదరడం లేదు. వెళ్ళి వేశాను. చెయ్యి లాక్కోలేదు.

“నువ్వు కలపడం తప్పు కాదు” అన్నారు. “తాతయ్య చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. దానికి కాదు నా కోపం. లేని కన్నం కోసం నేను రోజూ ఆరింటికే వెళ్తుంటే, నువ్వు డబ్బాలో తిండి సర్ది, మూత బిగించి, చేతికిచ్చావు. అది.”

“భయమేసింది.”

“నేనంటేనా?”

ఆలోచించాను. ఇక్కడ రాసినట్టే చెప్పాలనుకున్నాను. “మీరంటే కాదు. తిడతారని కూడా కాదు. మేడమ్ మెచ్చుకున్నారు కదా. అది పోతుందని.”

ఆయన ప్లాస్టరు అంచు గోటితో ఒత్తుకున్నారు.

“నేనెప్పుడూ మెచ్చుకోలేదా?”

“లేదు.”

“ఎప్పుడూ?”

“దుప్పటి అంచు బాగుందన్నారు ఒకసారి.”

“అది మెచ్చుకోవడం కాదా?”

“మీరన్నది కొట్టువాడితో. నేను కుట్టానని తెలియక.”

నవ్వు ఆపుకోబోయారు. ఆగలేదు. కోపం పోలేదు, నాకు తెలుసు. కానీ ఇద్దరం ఒకేసారి బయల్దేరాం. పది అడుగులు లేవు మధ్యలో.

మార్చి 19

కొసలు విప్పాను. భూతద్దం కింద, నా బుల్లి కత్తెరతో. మొదట తెల్లదారం. తర్వాత ఒక్కో టంకం చుక్క. కత్తెర మొన జారితే రాయి ముఖం పగులుతుంది, ఇంకో రాయి లేదు. మేడమ్ కాసేపు నిలబడి, “నేనుంటే నీ చెయ్యి వణుకుతుంది” అని వెళ్ళిపోయారు. ఆయన మాత్రం ఎదురుగా కూర్చుని దీపం పట్టుకున్నారు. ఎక్కడ నీడ పడితే అక్కడికి దీపం జరిపారు.

పదిహేడో చుక్క దగ్గర జిగురు పొర కొంచెం లేచింది. రాయి పగల్లేదు. ఇరవయ్యో చుక్క తెగేసరికి మధ్యాహ్నం మూడు. నలభై కొసలు, దేనికది. చీపురులా ఉంది. ఎంత అసహ్యంగా ఉందో.

“బాగుంది” అన్నారు ఆయన.

“ఇది బాగుండడమా?”

“మెచ్చుకుంటే తీసుకోవేం?”

మార్చి 20

మూత బిగించారు. ఇరవై నాలుగు బోల్టులు. నేను లెక్కపెట్టాను. ఆయన విజిలేసుకుంటూ బిగించారు.

మార్చి 24

పొడుగమ్మాయికి జలుబు. గొంతు పూర్తిగా పోయింది. సైగలు చేస్తోంది. ఆ పిల్ల మాట్లాడకపోతే గది సగం ఖాళీ అయినట్టుంది.

మార్చి 27

వివరంగా రాయాలి ఇది.

పొడుగమ్మాయి గొంతు రాలేదు. అంకెలు గట్టిగా చదివేవాళ్ళు కావాలి. మీటల దగ్గర ఉన్న మనిషికి తెర కనపడదు. మేడమ్ అయస్కాంతం బలం చూసుకోవాలి. ఆయన తల కూడా తిప్పకుండా, “మా ఆవిడ చదువుతుంది” అన్నారు.

“వినపడుతుందా మనకి?” అన్నారు మేడమ్.

“ఒకసారి వినపడిందిగా.”

కూర్చున్నాను. నల్లని తెరమీద పచ్చని అంకెలు.

“రెండు పాయింట్ సున్నా” అన్నాను.

“వినపడ్లే!”

“రెండు పాయింట్ సున్నా!”

“ఆఁ, అలా!” మీట జరిగింది. “ఇప్పుడు?”

“ఒకటి పాయింట్ ఆరు. ఒకటి పాయింట్ రెండు. ఒకటి… సున్నా పాయింట్ తొమ్మిది!”

పొడుగమ్మాయి నా కుర్చీ వెనక పట్టుకుంది. సున్నా పాయింట్ ఏడు. ఆరు. ఇక్కడే ఆగేది ఎప్పుడూ. నా గొంతు కూడా అక్కడే ఆగింది.

“చదువు!” అన్నారు ఆయన.

“ఆరు. ఇంకా ఆరే. ఆరు…” కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకుంటే చదవలేను. “అయిదు! సున్నా పాయింట్ అయిదు! నాలుగు!”

“చోటు దగ్గరికొస్తున్నాం” అన్నారు మేడమ్. ఆ చిన్న అయస్కాంతాలు తేల్చుకోలేని చోటు. “నెమ్మదిగా పోనివ్వండి. ఇక్కడే అంతా.”

“మూడు. రెండు పాయింట్… కాదు, సున్నా పాయింట్ రెండు ఐదు. రెండు. ఒకటి ఎనిమిది. ఒకటి నాలుగు.” అరుస్తున్నాను. జీవితంలో ఇంత అరవలేదు. “ఒకటి! సున్నా పాయింట్ ఒకటి! ఇంకా దిగుతోంది! సున్నా పాయింట్ సున్నా తొమ్మిది!”

“ఆపండి!” అన్నారు మేడమ్. మీట ఆగింది. అందరం పంపు చప్పుడు వింటూ ఉన్నాం.

“ఎంత?”

“సున్నా తొమ్మిది.”

ఒక నిమిషం. “ఎంత?”

“సున్నా తొమ్మిదే.”

పది నిమిషాలు అడిగారు. పది నిమిషాలూ అదే చెప్పాను. ఆ తర్వాత మేడమ్ అడగడం మానేశారు. చూస్తే కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని ఉన్నారు. పొడుగమ్మాయి గొంతు లేకుండా అరుస్తోంది. నోరు మాత్రం తెరుచుకుంటోంది. ఆయన మీట వదల్లేదు. వదలొచ్చని ఎవరూ చెప్పలేదు కదా మరి.

ఇంటికొచ్చాక అత్తయ్య: “నీ గొంతేంటి, బొంగురుపోయింది?”

“అరిచాను అత్తయ్యా.”

“నువ్వా? ఎవరిమీద?”

“అంకెలమీద.”

“ఇంతకీ చల్లబడిందా మీ రాయి?”

“ఈ లోకంలో ఎక్కడా లేనంతగా అని అనలేం గానీ, మన వీధిలో అంత చల్లనిది ఇంకోటి లేదు” అన్నారు ఆయన.

మార్చి 30

రాయిని విప్పి దూదిలో పెట్టాను. రేపు వెళ్ళిపోతుంది. దానితో పాటు మేడమ్ ఉత్తరం కూడా వెళ్తోంది, ఇంకో రెండు స్ఫటికాలు పెంచి పంపమని. ఫోనులో ముందే ఒప్పుకున్నారట.

తాతయ్య వచ్చారు, నల్లద్దాలు పెట్టుకుని. జరిగిందంతా విని తల పట్టుకున్నారు. “ఇన్నేళ్ళుగా నా వేళ్ళకి తెలిసిందే కదా, కాగితంమీద ఎందుకనుకున్నాను. నీకా కష్టం నావల్లే వచ్చిందమ్మా.” ఆయనకి ఇక సన్నపని కుదరదట. పక్కన కూర్చుని చెబుతారు. చెయ్యడం నేను.

“ఈసారి రాసి పెట్టు” అని మొన్నే అన్నారు మేడమ్. “నీ తర్వాత వచ్చేవాళ్ళు గోడమీద చదువుకునేలా. నీ మాటల్లోనే.”

అందరూ చూసే కాగితం. రెండు రోజులుగా రాస్తున్నాను. ఈ నోటుబుక్కులో ఇంత భయం లేదు. చేతులు కడుక్కోవడం, దారం బిగువు, జిగురు ఆరడానికి ఎంతసేపు, అన్నీ అయ్యాయి. చివరిది ఇలా రాశాను:

‘రాగి కొసలు కలపకూడదు. కలిపితే చూడ్డానికి బాగుంటుంది. అయినా కలపకూడదు, చుట్టు మూసుకుంటే వేడెక్కుతుంది. నేను కలిపాను. మీరెప్పుడైనా ఇలాంటిదేదైనా చేస్తే, తెలిసిన రోజే చెప్పండి. పంపు చప్పుడులో వినపడకపోతే ఇంకోసారి చెప్పండి.’

మా ఆయన చదివారు. ఆ చివరి మాటల దగ్గర ఎక్కువసేపు ఆగారు. అక్షరాలు వంకరగా ఉన్నాయంటారేమోనని చూశాను. బల్ల సొరుగులోంచి టేపు తీసి, కాగితాన్ని నా బల్లకి ఎదురుగా గోడమీద ఆనించి, నాలుగు మూలలూ బొటనవేలితో ఒత్తి ఒత్తి అంటించారు.